కొత్త సీడీలో పళ్ళాలు లేవు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పుడు నెత్తి మీద వెంట్రుకలతోపాటు అది కూడా కొంచెం పలచబడింది గానీ, గోదావరిఖనిలో డిగ్రీ తప్పి తిరిగే రోజుల్లో, నాకు నచ్చిన పాటను ఎవడైనా బాగాలేదంటే వాడితో వారం రోజులు మాట్లాడేవాణ్ణి కాదు. తెలంగాణ రావడానికి ఇంకా ఏడెనిమిదేళ్ళుంది. ఊరంతా ఒక రకం పాటలు వింటుంటే నేను ఇంకో రకం వినేవాణ్ణి. సముద్రాల అవతల నలుగురు పొడుగు జుట్టు మనుషులు వాయించే హెవీ మెటల్ అది. గిటార్లు గీరుకుంటాయి, డ్రమ్ములు పరుగెడతాయి, పాడేవాడు గొంతు చించుకుంటాడు. "గా మొత్తుకునుడు బంద్ చెయ్యిరా, ఇంట్ల ఎవలో సచ్చిన్రనుకొని మంది ఉరికొస్తరు" అని మా అవ్వ, అంటే మా అమ్మ, వంటింట్లోంచి అరిచేది.

ఆ పిచ్చి నాతో సమానంగా ఉన్నవాడు ఒక్కడే. పక్క క్వార్టర్ వాడు, ఒకటో తరగతి నుంచి నా పక్కన కూర్చున్నవాడు. వాళ్ళ బాపుకు దమ్ము పట్టి బొగ్గుబాయి పనికి పనికిరాడని తేలితే ఆ నౌకరి వీడికొచ్చింది. అప్పటికి వాడు బదిలీ కార్మికుడు, అంటే ఎవరైనా రాని రోజున వాళ్ళ బదులు దిగేవాడు. ఇంకొన్ని మస్టర్లు, అంటే హాజర్లు, పడితే పర్మనెంట్ చేస్తారు. ఆ లోపల ఒంట్లో ఏ లోపం ఉందని తేలినా ఇంటికి పంపేస్తారని మాలో అందరికీ భయం. వాడి ఒక్క జీతం మీద నలుగురు బతుకుతున్నారు.

వాడి పని భూమి లోపల కప్పుకు బోల్టులు బిగించడం. బొగ్గు తీసిన చోట పైనున్న బండ కూలకుండా, డ్రిల్లును నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని, రాయిలో బెజ్జాలు పొడిచి, ఇనుప బోల్టులు ఎక్కిస్తారు. ఇద్దరు మనుషుల పని. వాడి జోడీ ఒక పెద్దాయన, మేమిద్దరమూ ఆయన్ని కాకా అనే పిలిచేవాళ్ళం. పని మొదలుపెట్టే ముందు పొడుగు ఇనుప కడ్డీతో కప్పును కొట్టి చూడాలి. గట్టి బండైతే ఖంగుమంటుంది. లోపల పగిలి ఊడిపడటానికి సిద్ధంగా ఉంటే డొల్లగా మోగుతుంది. అలా మోగిన చోటి కిందికి ఎవరూ పోరు. "బాయిల కండ్లు లేకున్నా ఎట్లనో బతుకచ్చు గని చెవులు లేకుంటే బతుకలేం" అని మా బాపు అనేవాడు. ఆయన నౌకరంతా ఆ చెవులను నమ్ముకునే చేసి ప్రాణాలతో దిగిపోయాడు.

మా అడ్డా చౌరస్తా దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్. నడిపే భాయ్ మాకంటే పదేళ్ళు పెద్ద. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు, కోపమొస్తే రెండూ. మా కోసం పాటలు దింపి సీడీల్లో ఎక్కించి పెట్టేవాడు. ఫస్ట్ షిఫ్టు దిగి, స్నానం చేసి, కంటిరెప్పల అంచున బొగ్గు ఇంకా పోకుండానే నా స్నేహితుడు ఐదింటికల్లా అక్కడుండేవాడు. ఇంకొకాయన బ్యాంకు గుమాస్తా, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చాడు. ఎండాకాలంలో కూడా ఫుల్ చేతుల చొక్కా టక్ చేసుకుని వచ్చేవాడు. ఆ బ్యాండ్ అసలు క్యాసెట్లను డబ్బులు పెట్టి కొనుక్కున్న మహానుభావుడు కాబట్టి ఓర్చుకునేవాళ్ళం.

కొన్నేళ్ళు ఊరించి ఊరించి ఆ బ్యాండ్ కొత్త సీడీ వచ్చింది. నలుగురం స్టూళ్ళేసుకుని కూర్చున్నాం. మూడో పాట అయ్యేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. వేగం సగానికి పడిపోయింది. మధ్యలో గిటార్ ఒక్కటే చెలరేగే ముక్క, మేము ప్రాణం పెట్టేది, ఎక్కడా లేదు. ఇన్నాళ్ళూ అరిచిన మనిషి బుద్ధిగా పాడటం మొదలుపెట్టాడు.

"దగా చేసిన్రు" అన్నాను లేచి నిలబడి.

"నాకైతే బాగుందండీ" అన్నాడు బ్యాంకు ఆయన. "ఎదిగారు వాళ్ళు."

"ఎదుగుడేంది? ముసలోళ్ళయిన్రు!"

భాయ్ నవ్వాడు. "అరే, ఉమర్ అయితే, వయసు మీద పడితే, ఆవాజ్ బదలదా? నా స్కూటర్ ఆవాజ్ భీ బదలయింది. నేను దాన్ని దగా అన్ననా?"

నా స్నేహితుడు స్పీకర్ దగ్గరికి చెవి పెట్టి, మొహం చిట్లించి వింటున్నాడు. "గదంత కాదురా" అన్నాడు చివరికి. "పళ్ళాలు ఏవి?"

డ్రమ్ముల పక్కన స్టాండ్ల మీద వేలాడే ఇత్తడి సింబల్స్‌ను మేము పళ్ళాలనేవాళ్ళం. ఆ బ్యాండ్ డ్రమ్మర్ వాటిని కొట్టే తీరు మీద వీడు గంట సేపు ఉపన్యాసం ఇవ్వగలడు. బడిలో బల్ల మీద పెన్సిళ్ళతో వాయించి తన్నులు తిన్నవాడు. "తీసేసిన్రురా. అంతా దుప్పట్ల మూట గట్టి కొట్టినట్టున్నది. పళ్ళాలు లేకుంటే ఇంకేం మెటల్?"

"ఉన్నాయండీ, జాగ్రత్తగా వినండి" అన్నాడు బ్యాంకు ఆయన.

"మీతోని మాట్లాడుడంటే చెవిటోని ముందట శంఖం ఊదినట్టే" అన్నాను ఆయనతో. అందరూ నవ్వారు, నా స్నేహితుడు అందరికంటే గట్టిగా నవ్వాడు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగిపోతోంది.

నేను మళ్ళీ విని చూడలేదు. నిజం చెప్పాలంటే నాకు అక్కర్లేదు. పాత రోజులు పోయాయని నేను ఏడిస్తే అది ఉత్త ఏడుపే. పళ్ళాలు తీసేశారంటే అది వాళ్ళు చేసిన నేరం. మా నలుగురిలో వాడి చెవే పదునైనదని నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం, కాబట్టి ఆ మాట పట్టుకుని ఊగిపోయాను. దేశదేశాల అభిమానులు అభిప్రాయాలు రాసుకునే వెబ్‌సైట్ ఒకటుండేది. డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక మధ్యాహ్నమంతా కూర్చుని, నాకొచ్చిన ఇంగ్లీషులో తిట్టగలిగినంత తిట్టాను. సింబల్స్ లేకుండా రికార్డు చేసి అభిమానులను మోసం చేశారని అందులో ముఖ్యమైన అభియోగం.

రెండు రోజుల్లో జవాబులు వచ్చి పడ్డాయి. కొందరు నాతో గొంతు కలిపారు, కొత్త మోత చప్పగా ఉందని. ఇంకొందరు ఇదే వాళ్ళ గొప్ప పని అన్నారు. పళ్ళాల సంగతి దగ్గర మాత్రం రెండు పక్షాలూ ఒక్కటైపోయి నన్ను ఆడుకున్నాయి. ఎవడో ఏ పాటలో ఏ నిమిషానికి వినాలో కూడా రాశాడు. ఇంకొకడు, ముందు చెవుల డాక్టర్ దగ్గరికి పో మిత్రమా అన్నాడు.

వీళ్ళ సంగతి తేలుద్దామని భాయ్ దగ్గరున్న పెద్ద హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ పాట వేశాను. ఉన్నాయి. ఆ నిమిషానికే కాదు, పాట పొడుగునా ఉన్నాయి. ఇత్తడి మోత సన్నగా, పదునుగా, చెవి లోపల గీసినట్టు వినబడుతోంది. ఇంకో పాట వేశాను. అందులోనూ ఉన్నాయి. సీడీ అంతా విన్నాను.

ముందు వాడి సీడీ కాపీ చెడిపోయిందేమో అనుకున్నాను. కానీ వాడు విన్నది నా పక్కన కూర్చుని, ఇదే సీడీ. అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. ఆ మధ్య వాడు ప్రతి మాటకూ "ఆఁ?" అంటున్నాడు. జేబులో సెల్లు మోగుతున్నా తీయడు. "కుక్కర్ నాలుగు కూతలేసినా పొయ్యి బంద్ చెయ్యడు, పక్కనే కూసుంటడు, గంత మొద్దుదనం" అని వాళ్ళమ్మ మా అవ్వతో తిట్టింది కూడా.

వాడికి చెప్పాలి. బతకాలంటే చెవులుండాలని తెలిసిన ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ ఆ రోజు చెప్పలేదు. మరునాడూ చెప్పలేదు. పర్మనెంట్ కానీ, తర్వాత చెబుదామనుకున్నాను. ఇప్పుడు తెలిస్తే వాడు పోయి డాక్టర్‌తో చెబుతాడు, వాడంత మొండివాడు, నౌకరి పోతుంది, వాళ్ళింట్లో పొయ్యి ఆరిపోతుంది. ఈ కారణం నిజమే. దాని వెనక ఇంకొకటి ఉంది, సిగ్గు విడిచి చెబుతున్నాను. చెబితే ఆ బ్యాంకు ఆయన ముందు ఓడిపోతాను.

ఆ రోజుల్లో నాకు కాలు ఒకచోట నిలవలేదు. మధ్యాహ్నం పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో పేలుడు పెట్టినప్పుడల్లా కిటికీలు గలగలలాడటం మాకు అన్నం తిన్నంత మామూలు. అప్పుడు మాత్రం చేతిలో ముద్ద వదిలేసి గేటు దాకా పోయి, ఎవరైనా ఉరుకుతున్నారేమోనని రోడ్డు చూసేవాణ్ణి. "నీకేం దయ్యం పట్టిందిరా?" అంది అవ్వ. వాడు సైకిల్ మీద ఇంటికి రావడం చూశాక గానీ తిన్నది అరిగేది కాదు. ఇవాళ చెబుతానని పోయి, వాడితో పాటల గురించి కొట్లాడి తిరిగొచ్చేవాణ్ణి.

ఇంకా చెడ్డ పని ఒకటి చేశాను. బ్యాంకు ఆయన పాత క్యాసెట్లలో ఒకదాంట్లో, అదే బ్యాండ్ మొదటి రోజుల్లో వాయించిన పాట ఒకటుంది. మేమిద్దరం అప్పటిదాకా విననిది, నిండా పళ్ళాల మోత ఉన్నది. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాను. అది వాడికి వినిపిస్తే విషయం తేలిపోతుందని నాకు తెలుసు. తెలిసీ దాన్ని పది రోజులు అలాగే పెట్టుకుని కూర్చున్నాను.

పద్దెనిమిదో రోజు సాయంత్రం భాయ్ దుకాణం మాకు అప్పజెప్పి నమాజుకు పోయాడు. మేమిద్దరమే ఉన్నాం. వాడు ఎందుకో దిగాలుగా ఉన్నాడు.

"బాయిల నన్ను పిరికోడంటున్నరురా" అన్నాడు.

"ఎందుకు?"

"కడ్డీతోని ఏడ కొట్టినా మొద్దు మోతనే వస్తున్నది. డొల్లగున్నది కాకా, డొల్లగున్నది కాకా అని నాలుగైదు సార్లు పని ఆపిన. మా పని చూసే సర్దార్ వచ్చి కొట్టి చూసిండు. మంచిగ ఖంగుమంటున్నది గదరా, నీకు భయం పట్టిందన్నడు. అందరు ఒకటే నవ్వుడు."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడేంది, కొడుత, ఎట్ల మోగినా మంచిగున్నదనే చెప్త. పని నడుస్తున్నది. ఊకె నవ్వించుకునుడెందుకు?"

భయమేసినా దుఃఖమొచ్చినా నాకు అది కోపంగానే బయటికొస్తుంది, ఏం చేయను. "నీ చెవులు పాడైనయిరా!" అని అరిచాను. "పళ్ళాలున్నయ్. అన్ని పాటలల్ల ఉన్నయ్. నీకే ఇనవడ్తలేవు!"

వాడు నవ్వాడు. బ్యాంకాయన నీకు మందు పెట్టిండా అన్నాడు. నేను హెడ్‌ఫోన్ వాడి తలకు తగిలించి, దాచిన పాట వేశాను.

కొంతసేపు విన్నాడు. "గిది భీ కొత్త సీడీలదేనా? గిదే రోగం దీనికి భీ. ఏడున్నయ్ పళ్ళాలు?"

"అది పాతది. మనం ఏడో తరగతిల ఉన్నప్పటిది."

వాడి మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. తనే మౌస్ అందుకుని, మేము వెయ్యిసార్లు విన్న పాట, మా ఇద్దరికీ ప్రాణమైన పాట వేసుకున్నాడు. "గీ పాటల ఇనవడ్తున్నయ్ గదరా, చూడు" అని బల్ల మీద వేలితో కొట్టడం మొదలుపెట్టాడు. ఒక్క దెబ్బ తప్పలేదు. పళ్ళెం ఎక్కడ మోగాలో అక్కడే వేలు పడుతోంది. తర్వాత సౌండ్ పెంచాడు. ఇంకా పెంచాడు. కళ్ళు మూసుకున్నాడు. వేలు నెమ్మదించి, ఆగిపోయింది.

"దీంట్ల భీ లేవురా" అన్నాడు. "ఇన్నొద్దులు నేను చెవులతోని గాదు, యాదిల ఇన్ననా?"

హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. డ్రిల్లు ముందుగా సన్నని మోతలను తినేస్తుందని, మాటలూ లావు మోతలూ చాలా రోజులు మిగిలే ఉంటాయని, అందుకే మనిషికి తన చెవుడు తనకు తెలియదని తర్వాత డాక్టర్ చెప్పాడు. ఆ సాయంత్రం మాకు అవేవీ తెలియవు. వాడు నా వైపు తిరిగాడు.

"నీకెప్పుడు ఎర్కైంది?"

అబద్ధం చెప్పొచ్చు. నోట్లోకి వచ్చింది కూడా. "పద్దెనిమిది రోజులాయె" అన్నాను.

తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. "పద్దెనిమిది రోజులు" అని తనలో తనే అనుకున్నాడు. "కాకకు ముగ్గురు పిల్లలురా. నేను మంచిగున్నదంటెనే గాయన కిందికొస్తడు." లేచి సైకిల్ తీశాడు. దుకాణం తలుపు దగ్గరికి వేసి నేను వెనకాలే ఉరికి క్యారియర్ మీద కూర్చున్నాను. దిగమనలేదు. కాక క్వార్టర్ దాకా ఎక్కడా ఆగకుండా తొక్కాడు.

దాచిపెట్టి ఉత్కంఠ పెంచడం నాకు చేతకాదు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను, వాడి నౌకరి పోలేదు. బాయి లోపలి పని మాన్పించి, పైన, బాయిలోకి దిగేవాళ్ళకు టోపీ దీపాలు ఇచ్చే గదిలో వేశారు. జీతం తగ్గింది, పర్మనెంట్ రెండేళ్ళు వెనక్కి పోయింది. పోయిన వినికిడి మాత్రం రాలేదు. రాష్ట్రం వచ్చిందన్న రోజున చౌరస్తాలో డప్పుల ముందు వాడు ఆడిన ఆట చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. డప్పు మోత వాడికి బాగానే వినబడుతుంది. ఆ సాయంత్రం సైకిల్ వెనక కూర్చున్న నాకు ఇవేవీ తెలియవు. వాడి జీవితం నా చేతుల మీదుగా ముక్కలైపోయిందనే అనుకున్నాను.

కాక తన క్వార్టర్ ముందు మంచానికి నవారు బిగిస్తున్నాడు. మమ్మల్ని చూసి ఆయన భార్య నీళ్ళ కోసం లోపలికి పోయింది. నా స్నేహితుడు సైకిల్ స్టాండ్ కూడా వెయ్యలేదు, గోడకు ఒరిగించి వెళ్ళి ఆయన ఎదుట నిలబడ్డాడు.

"కాకా, నాకు చెవులు మంచిగ లేవు. నేను మంచిగున్నదన్న కాడ మంచిగున్నదో లేదో నాకే ఎర్క లేదు. నిన్ను గా కప్పు కిందికి తోలుకపోయిన."

కాక నవారు లాగి ముడి వేశాడు. "నాకెర్కేరా" అన్నాడు.

"ఏమెర్క?"

"నీ చెవుల సంగతి. నువ్వు కొట్టినంక నేను మళ్ల కొడుతున్న. నువ్వు డ్రిల్లుకాడ ఉన్నప్పుడు కొడుత. నువ్వు చూస్తలేవు, నీకు ఇనవడ్తలేదు."

"ఎన్నొద్దుల సంది?"

"నిన్ను చూసి మంది నవ్విన కాడి సంది. నువ్వు పిరికోనివి కావని నాకు తెల్వదా?"

"మరి నాకు చెప్పొద్దా కాకా!"

"చెప్తె నువ్వు ఊకుంటవా? ఉరికి దవాఖానల జెప్తవ్, ఇంటికి తోల్తరు. మస్టర్లు నిండనీ అనుకున్న. తప్పే చేసిన బిడ్డా. నాయి భీ ముసలి చెవులే, ఇద్దరికి ఎన్నొద్దులు సరిపోతయ్? నేనే జెప్పాలె అనుకుంటున్న, జెప్పలేకపోయిన. రేపు ఇద్దరం పోదాం దవాఖానకు."

నా స్నేహితుడు ఆ సగం అల్లిన మంచం పట్టె మీద కూలబడి ఏడ్చాడు. చిన్నప్పుడు బడిలో తన్నులు తిన్నప్పుడు కూడా వాడు ఏడవగా నేను చూడలేదు. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. కాక చెప్పిన కారణం, నేను పద్దెనిమిది రోజులు నాకు నేను చెప్పుకున్న కారణం ఒక్కటే, మస్టర్లు నిండనీ అన్నదే. కానీ ఆయన ఆ మాట మనసులో పెట్టుకుని రోజూ వాడితో పాటు ఆ కప్పు కిందికే పోయాడు. నేను ఇంట్లో అన్నం తింటూ కూర్చున్నాను. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆయన భార్య తెచ్చిన నీళ్ళు వాడికి తాగించి కాక నా వైపు చూశాడు. "నువ్వేనా బిడ్డా వీనికి జెప్పింది? నేను చెయ్యలేని పని చేసినవ్. నీకెప్పుడు ఎర్కైంది?"

నేను నోరు తెరిచాను.

"ఇయ్యాల్నే కాకా" అన్నాడు నా స్నేహితుడు. నా వైపు చూడకుండానే, మొహం తుడుచుకుంటూ అన్నాడు. "పాట ఇంటుంటే ఎర్కైంది వీనికి. ఎంటనే జెప్పిండు."

కాక లేచి వచ్చి నా భుజం తట్టాడు. నేను కాదనలేదు.